ఏటని ఏడవాలి

తన్లిన్‌లో మా చుట్టాల తాతగారు పోయినప్పుడు ఆయన్ని ఏడ్చింది మనిషి కాదు, ఫోను. నవ్వకండి. నేనే నవ్వు ఆపుకోలేక చేతిరుమాలు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను.

మామూలుగా బర్మాలో, మా యాంగోన్‌లో ఏ తెలుగింట చావు జరిగినా ముందు మా పెద్దమ్మకి కబురొస్తుంది. ఆవిడ మా అమ్మకి అక్క. పెదనాన్న పోయి చాలాకాలమైంది, పిల్లల్లేరు, మింగళ తౌంగ్‌న్యున్‌ పేటలో మూడో అంతస్తు వాటాలో నాతోనే ఉంటుంది. రాగం తీసి, మాట కట్టి, పోయినవాళ్ళని వరస పెట్టి పిలిచి ఏడవడం మాకు తెలిసినంతలో ఇప్పుడు ఆవిడకొక్కదానికే వచ్చు. సిక్కోలు నుంచి, విశాఖపట్నం నుంచి రేవు పనికి వచ్చినవాళ్ళ మనవలం మేం. వాళ్ళు తెచ్చినవాటిలో వంటలు మిగిలాయి, అమ్మవారు మిగిలింది, తిట్లయితే భేషుగ్గా మిగిలాయి. ఏడుపు మాత్రం పెద్దమ్మ గొంతు దగ్గరకొచ్చి ఆగిపోయింది.

ఆ రోజు పెద్దమ్మకి జ్వరం. నేనొక్కదాన్నే బస్సెక్కి వంతెన దాటి తన్లిన్ వెళ్ళాను. తాతగారి మనవలు మంచి పిల్లలే. తెలుగు వింటే కొంత తెలుస్తుంది, మాట్లాడమంటే మాత్రం బర్మా భాషలోకి దూకేస్తారు. చావింట ఏడుపు వినపడకపోతే తాతకి మర్యాద కాదనుకుని, ఫోన్లో తెలుగు ఏడుపు పాట వెతికి, చిన్న స్పీకరుకి తగిలించి ఆయన తలాపున పెట్టారు. అందులో ఎవరో తల్లి, పాపం, "ఓ కొడకా, నా చిట్టి కొడకా, పాలైనా తాగకుండా పోతివిరా" అని ఏడుస్తోంది. ఇక్కడ పడుకున్నాయన జీవితమంతా రిఫైనరీలో పనిచేసి, మునిమనవల్ని భుజాన మోసిన మనిషి. మధ్యలో ఒక సబ్బు ప్రకటన కూడా వచ్చింది. అది అయ్యాక మళ్ళీ కొడకా.

ఇంటికొచ్చి పెద్దమ్మకి అంతా చేసి చూపించాను, జ్వరంలో కాస్త నవ్వుతుందని. నవ్వింది కూడా. "సబ్బా? ఓలమ్మో! పోన్లే, తానానికి పనికొస్తాది" అని మంచం మీద దొర్లింది. తర్వాత దుప్పటి గడ్డందాకా లాక్కుని గోడవైపు తిరిగింది.

"ముసిలోన్ని కొడకా అంటే అతగాడు పలుకుతాడేటే? వరస తప్పితే పోయినోలు యినరు. ఇంకెవల్నో పిలుస్తన్నారని ఎల్లిపోతారు," అంది. ఆ తర్వాత గోడకే చెప్పుకుంటున్నట్టు, "అయితే రేపు నాను పోతే నాకూ పోనే ఏడుస్తాదన్నమాట," అంది.

"నేనుండగా ఫోనెందుకు?"

"నువ్వా? నీకేటొచ్చే? సావుకెల్తే నువ్వు టీలు పోస్తావు."

అన్యాయం కాదు, నిజమే. చావింట నాకు అప్పగించే పనులు అవే. ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించడం, టీ పోయడం, శవాన్ని తీసుకెళ్ళే వ్యాను డ్రైవరుతో బర్మాలో మాట్లాడటం. పెద్దమ్మ చిన్నప్పుడు మా పేట నిండా తెలుగువాళ్ళే ఉండేవాళ్ళట. ఆడవాళ్ళు శవం చుట్టూ కూర్చుని, ఒకరి ఊపిరి చాలకపోతే పక్కావిడ అందుకుంటూ పూటలకి పూటలు ఏడ్చేవాళ్ళట. మా అమ్మమ్మ పక్కన ఒదిగి కూర్చుని పెద్దమ్మ నేర్చేసుకుంది. ఇప్పుడు మనుషులు ఎక్కడివాళ్ళక్కడ సర్దుకున్నారు. వ్యాను పూట తిరక్కుండా వచ్చేస్తుంది. ఆ కాస్త వ్యవధిలో ఆవిడ ఏడ్చేదెంత, కెటిల్ పట్టుకుని నేను వినేదెంత?

"నేర్పు మరి. రేపే మొదలెడదాం," అన్నాను.

పెద్దమ్మ లేచి కూర్చుని రెండు చెంపలూ వాయించుకుంది. "నీ నోట్లో మన్నెయ్య! ఇంట్లో సెవం నేకుండా ఏడుపెత్తుతారేటే? అది పిలుపే. పిలిస్తే వస్తాది."

"పోనీ ఈసారి ఎవరైనా పోయినప్పుడు నీ పక్కనే కూర్చుంటాను."

"ఎవల సావు కోసం కాసుక్కూకుంటావే? సిగ్గునేదేటి?"

అక్కడితో మాట ఆగిపోయింది. చావు లేనిదే నేర్పకూడదు, చావు కోసం ఎదురుచూడకూడదు. మధ్యలో పెద్దమ్మకి ఆయాసం పెరుగుతోంది. మెట్లెక్కితే ప్రతి అంతస్తులోనూ ఆగి, పక్కవాళ్ళ గుమ్మాల్ని పరిశీలిస్తున్నట్టు నటిస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయేది. ఎవరి మీద మండాలో తెలీక గిన్నెల మీద చూపించేదాన్ని.

నేను బోటాటౌంగ్‌లో ఒక చిన్న ప్రెస్సులో అక్షరాలు కూర్చే పని చేస్తాను. పెళ్ళి కార్డులు, మందుల షాపుల సంచులు, ఎప్పుడైనా పోస్టర్లు. ఆ వేసవిలో ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు పోస్టరు వేయించుకోవడానికి వచ్చారు. ఖ్మేర్ సంస్కృతి మీద మూడు శనివారాలు బహిరంగ సభలు. కంబోడియాలో డెబ్బైల్లో జరిగిన మారణకాండ తర్వాత మిగిలినవాళ్ళు తమ ఆటనీ పాటనీ ఎలా తిరిగి కూడదీసుకున్నారో అక్కడినుంచి వచ్చినవాళ్ళే చెబుతారట. నేను తప్పులు చూసుకుంటూ విషయం దగ్గర ఆగానని అబద్ధం చెప్పను. అడుగున చిన్న అక్షరాల్లో "హాలులో ఏసీ ఉంది, జనరేటరు ఉంది" అన్న చోట ఆగాను. ఆ నెలల్లో మా పేటలో కరెంటు చుట్టపుచూపుగా వచ్చి పోయేది. పెద్దమ్మ తడిగుడ్డ నెత్తిన వేసుకుని గచ్చు మీద పడుకునేది.

"శనివారం చల్లటి చోటికి తీసుకెళ్తాను, రా," అన్నాను.

"సినిమాకేటే?"

"అలాంటిదే."

మొదటి శనివారం గుళ్ళ బొమ్మలు చూపించారు. పెద్దమ్మ హాయిగా నిద్రపోయింది. గురక వచ్చినప్పుడల్లా నేను మోచేత్తో పొడుస్తూ కూర్చున్నాను. రెండో శనివారం నాట్యం. రాములవారి కథే వాళ్ళూ ఆడతారు. నర్తకి ఒంటి మీదే బట్టని సూదితో బిగించి కుట్టేస్తారని చెబితే పెద్దమ్మకి మెలకువ వచ్చింది. "కుట్టీసినాక బాత్రూమొస్తేనో?" అని నన్నడిగింది, హాలంతా వినపడేలా. తెలుగులో అడిగింది కాబట్టి బతికిపోయాను.

ఆ రోజు మాట్లాడినాయన ఆ మారణకాండ రోజుల సంగతి చెప్పాడు. పాలించినవాళ్ళు నర్తకుల్నీ, పంతుళ్ళనీ, సన్యాసుల్నీ వెతికి మరీ చంపారు. మిగలాలంటే ఏమీ రానట్టు ఉండాలి. నాట్యం వచ్చినావిడ నేను పళ్ళమ్ముకునేదాన్ని అని చెప్పుకుంది. నాట్య సాధనకి అలవాటైన చేతివేళ్ళు వెనక్కి వంగితే ఎక్కడ కనిపెడతారోనని పిడికిలి బిగించే ఉంచుకుంది. అదంతా అయిపోయాక మిగిలిన కొద్దిమందీ ఒకచోట చేరి, ఒకరికి గుర్తున్న చెయ్యీ ఇంకొకరికి గుర్తున్న అడుగూ కలిపి చూసుకున్నారట. పెద్దమ్మ ఈసారి నిద్రపోలేదు. తన వేళ్ళు తనే వెనక్కి వంచి చూసుకుంటూ కూర్చుంది.

మూడో శనివారం తనే ముందు తయారై, తలకి నూనె రాసుకుని, చెంపలకి తనఖా చెక్క గంధం పూసుకుని గుమ్మంలో నిలబడింది. నాది ఇంకా అన్నం కూడా అవలేదు.

ఆ వేళ వచ్చింది నా వయసు ఖ్మేర్ ఆవిడ. తెల్ల జాకెట్టు, నల్ల లుంగీ. వేదిక మీద కుర్చీ ఉన్నా ఎక్కలేదు. నేల మీద కాళ్ళు పక్కకి మడిచి కూర్చుని, చేతులు జోడించి, మైకు లేకుండా గొంతెత్తింది. ఒక్క మాటని పట్టుకుని చాలాసేపు వదల్లేదు. పైన నిలబెట్టి, వణికించి, మెల్లగా కిందికి దింపి, ఊపిరి ఇంక అయిపోయిందనుకున్న చోట మళ్ళీ అందుకుంది. పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది. గాజు చర్మంలో దిగింది.

"అదేనే," అంది. "మాట తెల్దు గాని అక్కడే ఊపిరి పట్టాల. మాయమ్మ కూడా అక్కడే పట్టేది."

ఆ పాటని స్మోట్ అంటారట. పోతున్న మనిషి పక్కనా, పోయిన మనిషి దగ్గరా పాడతారు. ఆవిడ ఇంగ్లీషులో చెబుతుంటే విశ్వవిద్యాలయం వాళ్ళ బర్మా లెక్చరరు ఒకావిడ పక్కనుంచి బర్మాలో చెప్పింది. ఆ కాలంలో పోయినవాళ్ళ కోసం ఏడవడమే నేరం. కళ్ళ ముందు బిడ్డని తీసుకుపోతున్నా తల్లి తలెత్తకుండా నాట్లు వేయాల్సిందే. కన్నీళ్ళు కనపడితే ఆవిడ వంతు. ఆ బురదలోనే నాట్లు వేస్తూ, నోరు మూసుకుని, లోపల్లోపల ఈ పాటలన్నీ పాడుకున్న ఒక ముసలావిడ తనకి గురువని చెప్పింది. పెదవి కదిపితే ప్రమాదమని నాలుకతో అంగిట తాళం వేసుకునేదట. పోయిన పెద్దలకి ఏటా అన్నం ముద్దలు పెట్టే పండగ గురించి కూడా చెప్పింది. ఆ ముద్దని వాళ్ళు బెన్ అంటారట.

"పిండమే కదేటి," అంది పెద్దమ్మ, ఊళ్ళోవాళ్ళ సంగతి విన్నంత మామూలుగా.

తర్వాత ప్రశ్నలు. కుర్రకారు లేచి గుర్తింపు గురించీ వారసత్వం గురించీ పెద్ద పెద్ద మాటలు అడిగారు. తప్పేం లేదు, చదువుకుంటున్న పిల్లలు. నేను సంచీ సర్దుకుంటున్నాను. పక్కన కుర్చీ కిర్రుమంది. చూస్తే పెద్దమ్మ నిలబడి ఉంది.

"కూకో!" అని జాకెట్టు అంచు పట్టుకుని లాగాను. విదిలించుకుంది. లెక్చరరు చూసి, "అడగండి, అబ్వా," అంది. బర్మాలో అమ్మమ్మ వయసు వాళ్ళని అలా పిలుస్తారు.

పెద్దమ్మ బర్మాలోనే అడిగింది. తెలుగులో ఎంత గట్టిగా అరుస్తుందో బర్మాలో అంత మెత్తగా మాట్లాడుతుంది. "అమ్మా, మాకూ ఇలాంటి ఏడుపుంది. ఇంట్లో శవం లేకుండా ఏడిస్తే ఆ ఇంటికి చావుని పిలిచినట్టని మా పెద్దవాళ్ళు చెప్పారు. నువ్వెలా నేర్చుకున్నావు? చావు లేని రోజున నీ గురువు నోరెలా తెరిచింది?"

నేను తల దించుకుని నా చెప్పుల్ని చూసుకున్నాను. లెక్చరరు ఇంగ్లీషులోకి మార్చింది. ఖ్మేర్ ఆవిడ వేదిక మీద నుంచి దిగి మా వరస దాకా నడిచి వచ్చింది.

"యాయ్," అంది. వాళ్ళ భాషలో అదీ అమ్మమ్మే. "మా ఊళ్ళోనూ అదే భయం. పిల్లలకి నేర్పుతానంటే మా గురువుని ఎవరూ గడప తొక్కనివ్వలేదు. మా ఇంటికి వచ్చిన మొదటి రోజు ఆవిడ పాట ఎత్తలేదు. నన్నొక మాట అడిగింది. మీ ఇంట్లో ఏడుపు దక్కకుండా పోయినవాళ్ళు ఎవరు, అని. మా మేనమామ, అన్నాను. ఎక్కడ పోయాడో తెలీదు, శవం దొరకలేదు. అయితే అతనికి పాడదాం, అంది. నేను నేర్చుకున్నన్నాళ్ళూ ఒక్క రోజు కూడా ఊరికే పాడలేదు. మేం ఏడుపు బాకీ పడ్డవాళ్ళే అంతమంది."

తర్వాత పెద్దమ్మ కళ్ళలోకి చూసి, "మీ ఇంట్లో ఉన్నారా, యాయ్?" అని అడిగింది.

"ఉంది," అంది పెద్దమ్మ. కూర్చుంది.

ఎవరో నాకు తెలుసు. మా అమ్మ.

కరోనా ఊరి మీద విరుచుకుపడ్డ ఆ వానాకాలం అమ్మ పోయింది. మా వీధి మొగలో తోపుడు బండి మీద దోసెలు వేసేది అమ్మ. బర్మావాళ్ళు తోషే, తోషే అంటూ పొద్దున్నే మూగేవాళ్ళు. ఒక వారం జ్వరం, ఆ తర్వాత ఊపిరాడలేదు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి వ్యానెక్కించారు. మమ్మల్ని శ్మశానం గేటు దగ్గర ఆపేశారు. వాన పడుతోంది. ఏ వ్యానులో మా అమ్మ ఉందో కూడా తెలీదు, వరసగా వెళుతున్నాయి. ఊరందరినీ ఏడ్చిన మా పెద్దమ్మ సొంత చెల్లెల్ని ఏడవలేదు. గొడుగు పట్టుకుని, మాస్కు వేసుకుని, నిలబడింది. మొహం చూడందే వరస పెట్టి పిలవడం ఎలా అని కాబోలు. నేనూ ఏడవలేదు. ఆక్సిజన్ సిలిండరు తిరిగి ఇచ్చే పనిలో పడ్డాను. తర్వాత ఇక ఎప్పుడు ఏడవాలో తెలియలేదు.

ఒక దేశం మొత్తానికి జరిగినదాన్ని తెచ్చి మా ఇంట్లో జరిగినదాని పక్కన పెట్టి కొలుస్తున్నాననుకునేరు. అంత తెలివితక్కువదాన్ని కాను. ఆవిడ ఒక దారి చెప్పింది, మేం వాడుకున్నాం. అంతే.

తర్వాతి రోజుల్లో పెద్దమ్మ ఆ ఊసెత్తలేదు. నేను మాత్రం ఎందుకు కదిలిస్తాను? ఉల్లిపాయలు తరగడం, ఆయాసపడటం, కింది వాటావాళ్ళ పిల్లిని తిట్టడం, అన్నీ యథాప్రకారం సాగాయి. ఒక బుధవారం ప్రెస్సులో కరెంటు లేక మధ్యాహ్నమే ఇంటికొచ్చేశాను. చూస్తే దేవుడి పటాల మీద తువ్వాలు కప్పి ఉంది. గచ్చు మీద చాప పరిచి ఉంది. చాప మధ్యలో అమ్మ దోసెల పెనం ఉంది.

"ఇదేటి?" అన్నాను.

"సుక్కురారం కాదు, మంగలారం కాదు. దీపాలేల ఇంకా అవనేదు. అది బతికున్నప్పుడు ఈ ఏలకే బండి కడిగీసి ఇంటికొచ్చేది. కూకో."

"పటాలకి తువ్వాలెందుకు?"

"ఆల్లకెందుకే మనింటి ఏడుపు? కూకోమంటే!"

కూర్చున్నాను. పెద్దమ్మ ముందు పాఠం చెప్పింది. ఏ బడిలోనూ అంత తిన్నగా ఎవరూ నాకు పాఠం చెప్పలేదు. ముందు వరస పెట్టి పిలవాలి, వినేదాకా పిలవాలి. తర్వాత పోయినవాళ్ళు మనకి చేసింది చెప్పాలి. తర్వాత తిట్టాలి. "తిట్టకుండా ఏడిస్తే అది ఏడుపు కాదే, సన్మానం," అంది. ఆఖర్న ఇంటి కబుర్లు చెప్పి పంపాలి, తెలీకుండా పోతే వాళ్ళకి దిగులు. ఇంత చెప్పి పమిట సర్దుకుని, ఒక చెయ్యి నేల మీద ఆనించి, గొంతెత్తింది.

"ఓలి సెల్లీ... నా సిన్న సెల్లీ... గేటు కాడే ఆపీసినారే నన్ను... నీ మొకం సూణ్ణీయనేదే సెల్లీ... నీల్లొయ్యనేదే... తల దువ్వనేదే... తడిసీసిన గొడుగట్టుకుని తిరిగొచ్చీసినానే..."

నేర్చుకోవాలి కదా అని పళ్ళు బిగబట్టి విన్నాను. ఎక్కడ పైకెళుతోంది, ఎక్కడ దిగుతోంది, ఎక్కడ ఊపిరి పడుతోంది, అదే చూశాను. తిట్లు వచ్చాయి. "మాస్కెట్టుకోయే అంటే గెడ్డం కిందెట్టుకున్నావే... సెప్పిన మాట ఏనాడిన్నావే... దోసెల్లో ఉప్పెక్కువంటే నా మీదే అరిసీసినావే..." ఏడుపులోనే నాకు నవ్వొచ్చింది. అమ్మ మాస్కు నిజంగా గడ్డం కిందే ఉండేది. ఆఖర్న కబుర్లు వచ్చాయి. కింది వాటావాళ్ళ అమ్మాయికి పెళ్ళయింది, బియ్యం మండిపోతున్నాయి, నీ కూతురికి కళ్ళద్దాలొచ్చాయి, నీ పెనం ఎవ్వరికీ ఇవ్వలేదు.

ఆపి, చెంగుతో ముక్కు తుడుచుకుని, ఆయాసం తీర్చుకుని, "ఇప్పుడు నువ్వు," అంది.

నేను అక్షరాలు కూర్చే మనిషిని. ఉన్నది ఉన్నట్టు దించడం నా వృత్తి. గొంతు సవరించుకుని, పెద్దమ్మ పైకెళ్ళిన చోట వెళ్ళి, దిగిన చోట దిగి, "ఓలి సెల్లీ... నా సిన్న సెల్లీ..." అని ఎత్తుకున్నాను. బాగానే వస్తోందని లోపల కాస్త గర్వపడ్డాను కూడా.

పెద్దమ్మ చాప మీద అరచేత్తో కొట్టింది. "ఆగాగు. సెల్లేటే?"

"నువ్వలాగే అన్నావు కదా."

"నాకు సెల్లి. నీకేటవుద్ది?"

"అమ్మ."

"మరి? తన్లిన్‌లో ఆ పోన్ని సూసి నవ్వినావు కదేటి, ఇప్పుడు నువ్వేటి సేసినావు? నా వరసతో పిలిస్తే అది నన్ను సూస్తాది. నిన్ను సూడదు. నీ వరసెట్టుకో."

ఒక్క మాట మార్చడమే కదా. ప్రెస్సులో రోజుకి ఎన్ని మాటలు మారుస్తాను. "ఓలమ్మా" అని నోరు తెరిచాను. పైకి వెళ్ళాల్సిన చోటికి గొంతు వెళ్ళలేదు. మళ్ళీ అన్నాను. అమ్మ పోయాక ఆ మాటని నేను బయటికి అననే లేదని అప్పుడు తెలిసింది. ఎవరిని అంటాను? పిలవడానికి మనిషి లేకపోతే పిలుపు వాడకం ఉండదు కదా. ఓలమ్మా, ఓలమ్మా అని అదొక్కటే అంటూ ఉండిపోయాను. రాగం లేదు, వరస లేదు, పెద్దమ్మ చెప్పిన క్రమం ఏదీ లేదు. పెనం మీద తల వాల్చి పసిపిల్లలా ఏడ్చాను. అమ్మా, ఏ వ్యానులో ఉన్నావో చూసుకోలేకపోయానే అన్నాను. తిట్టడం మర్చిపోయాను. పెద్దమ్మ నన్ను ఓదార్చలేదు. నా ఊపిరి అయిపోయినప్పుడల్లా "సెల్లీ" అని తను అందుకుంది. నేను తేరుకుని "అమ్మా" అంటే తను ఆగింది.

ఇంతలో తలుపు దబదబా చప్పుడైంది. కింది వాటా బర్మా ఆవిడ నిలబడి ఉంది, చేతిలో టీ పొట్లాలు, కొవ్వొత్తులు. "ఎవరు? ఎవరు పోయారు?" పెద్దమ్మ బతికే ఉండటం చూసి గుండె మీద చెయ్యేసుకుంది. మా అమ్మ, అన్నాను. "మీ అమ్మ అప్పుడే..." అని ఆగి, పెనం వంక చూసింది. నేను చెప్పాను, అప్పుడు ఏడవలేదండీ, ఇప్పుడు ఏడుస్తున్నాం అని. ఆవిడ చెప్పులు విప్పి లోపలికొచ్చి చాప చివర కూర్చుంది. ఆ వానాకాలంలోనే వాళ్ళాయన కూడా పోయాడు. మా మాట ఒక్కటీ ఆవిడకి తెలీదు. ఉండిపోయింది.

చావు ఏడుపు ఏడిస్తే తలస్నానం చేయాలి. కరెంటు లేదు, మోటారు లేదు, పైకి నీళ్ళు లేవు. పెద్దమ్మ పట్టు వదలదు. కింది ఆవిడ జాడీలో దాచుకున్న నీళ్ళు బకెట్లతో మోసుకొచ్చి పెద్దమ్మకి పోసి నేనూ పోసుకున్నాను. మోస్తూ మోస్తూ పెద్దమ్మని మళ్ళీ తిట్టుకున్నాను, ఈ ఆచారం కరెంటున్న రోజున పెట్టుకోకూడదా అని. ఎన్నాళ్ళో అయింది ఒళ్ళు అంత తేలిగ్గా ఉండి. ఆ రాత్రి అన్నం కూడా బాగా తిన్నాను.

ఆ తర్వాత చాలా బుధవారాలు అలాగే కూర్చున్నాం. ఊరికే కూర్చోలేదు. మా ఇంట్లోనూ బాకీలు బయటపడ్డాయి. ఓడ మీద వెళ్ళి తిరిగిరాని చిన్న తాతయ్య ఉన్నాడు, ఏ గొడవల్లోనో మాయమైన అత్త ఉంది. తాతయ్యకి నేను మనవరాలి వరసలో ఏడ్చాను, పెద్దమ్మ కూతురి వరసలో ఏడ్చింది. ఇప్పుడు నాకు పిలవడం వచ్చింది, చెప్పడం వచ్చింది. కబుర్లయితే ఎప్పుడూ వచ్చు. తిట్టడంలో మాత్రం ఇంకా మెతకదనం ఉందని పెద్దమ్మ అంటుంది. మనుషుల మీద అన్ని తిట్లు వచ్చినదానివి, పోయినవాళ్ళ దగ్గరికొచ్చేసరికి మొహమాటమేటే, అని.

మొన్నొక సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుని ఎండు రొయ్యలు బాగుచేస్తోంది. ఆయాసం ఈ మధ్య కూర్చున్నా వదలడం లేదు. తలెత్తకుండానే అడిగింది.

"నన్నేటని ఏడుస్తావే?"

నా చేతిలో చాట ఆగింది. "ఏటంటాను? పెద్దమ్మా అనే," అని, ఎలా ఉంటుందో చూపించబోయి గొంతు సవరించుకున్నాను. పెద్దమ్మ రొయ్యల చేత్తోనే నా నోరు మూసేసింది.

"ఎత్తకే! నానింకా ఉన్నాను. మాట సెప్పు, సాలు."

"ఓలి పెద్దమ్మా."

ఆ మాటని నోట్లో ఒకటికి రెండుసార్లు తిప్పి చూసుకుంది. మొహం చిట్లించింది.

"'పెద్ద' తీసీ," అంది.

"ఎందుకు?"

"రాగానికడ్డొస్తాది." అని మళ్ళీ రొయ్యల మీదికి వంగింది. ఎంతసేపటికీ తలెత్తలేదు.

తీసేశాను. ఏడుపులో సంగతి తర్వాత, ఇంట్లో మామూలుగా పిలవడానికి కూడా ఇప్పుడు అలాగే పిలుస్తున్నాను. పలుకుతోంది.